ట్రాక్టర్ బ్యాటరీ నుంచి ఇంటికి అత్యవసర విద్యుత్తు

కిందటి పాఠంలో వాట్ అంటే ఏమిటో, వాట్-గంట అంటే ఏమిటో, బ్యాటరీ మీద రాసి ఉండే వోల్టులను ఆంపియర్-గంటలతో గుణిస్తే ఏమి వస్తుందో తెలుసుకున్నారు. ఆ లెక్కలను ఈ పాఠంలో ఒక పనికి పెడదాం. తుఫాను వచ్చి ఊరంతా కరెంటు పోయిందనుకోండి. స్తంభాలు కూలాయి. మళ్లీ ఎప్పుడు వస్తుందో విద్యుత్ శాఖవారే చెప్పలేకపోతున్నారు. ఇంటి ముందు పాకలో ఒక విద్యుత్ ట్రాక్టర్ ఉంది. నిన్న రాత్రే చార్జింగ్ పెట్టారు కనుక బ్యాటరీ నిండుగా ఉంది. దానితో ఇంట్లో దీపాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్ నడపవచ్చా?

నడపవచ్చు. శక్తికి కొరత లేదని కాసేపట్లో లెక్క వేసి చూస్తారు. చిక్కంతా ఆ శక్తి బ్యాటరీ నుంచి ఇంటి బోర్డుకు ఏ దారిలో వస్తుందన్నదే. ఆ దారి సరిగ్గా లేకపోతే ఇన్వర్టర్ కాలిపోవడం చిన్న నష్టం. ఊరి బయట తెగిన తీగను ముడివేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోవడం పెద్ద నష్టం. అందువల్ల ఈ పాఠంలో శక్తి లెక్కకంటే దారి గురించే ఎక్కువ మాట్లాడుకుందాం.

సికింద్రాబాద్‌లో రాంగోపాల్‌పేట్, రాణిగంజ్ వీధులు తిరిగినవారికి ఈ హెచ్చరిక ఎందుకో వెంటనే అర్థమవుతుంది. పంపుసెట్లు, మోటార్లు, స్టార్టర్లు, జనరేటర్లు, కేబుళ్లు కొనడానికి జిల్లాల నుంచి రైతులు ఇక్కడికి వస్తారు. ఒక దుకాణంలో ఇన్వర్టర్, పక్క దుకాణంలో కేబుల్, ఎదురు వరసలో స్విచ్చులు దొరుకుతాయి. అన్నీ కొని బస్సు మీద వేసుకుపోయి ఇంట్లో కలిపేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏది దేనితో కలపవచ్చో, ఏది కలపకూడదో బిల్లు మీద రాసి ఉండదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు

అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1969లో ఎలెక్-ట్రాక్ అనే చిన్న విద్యుత్ ట్రాక్టర్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. పెరటి గడ్డి కోయడం, మంచు తొలగించడం దాని పనులు. పెద్ద నమూనాల్లో ఆరు వోల్టుల సీసపు బ్యాటరీలు ఆరింటిని వరుసగా కలిపి 36 వోల్టులు తయారుచేసేవారు. 1970ల మధ్యలో ఆ సంస్థ ఈ వ్యాపారం వదులుకున్నా, ఆ బండ్లను భద్రంగా ఉంచుకున్నవారు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. కదిలే బ్యాటరీని ఇంటి బ్యాటరీగా వాడుకోవచ్చన్న ఊహ అలాంటి బండి ఇంట్లో ఉన్న ఎవరికైనా రాక మానదు.

జపాన్‌లో 2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీ తరువాత ఇదే ఊహ సంస్థల స్థాయిలో రూపం దాల్చింది. నిస్సాన్ సంస్థ మరుసటి ఏడాదే తన లీఫ్ కారులోని 24 కిలోవాట్-గంటల బ్యాటరీ నుంచి ఇంటికి విద్యుత్తు ఇచ్చే పరికరాన్ని అక్కడ అమ్మకానికి పెట్టింది.

మన దగ్గరి సంగతి చూద్దాం. హైదరాబాద్‌కు చెందిన సెలెస్టియల్ ఈ-మొబిలిటీ అనే సంస్థ 2020లో ఆరు హార్స్‌పవర్ విద్యుత్ ట్రాక్టర్‌ను చూపించినప్పుడు, దానితో యూపీఎస్‌ను చార్జి చేసుకోవచ్చని కూడా చెప్పుకుంది. తరువాత మురుగప్ప గ్రూపులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ ఆ సంస్థలో మెజారిటీ వాటా కొన్నది. అదే 2020 డిసెంబరులో పంజాబ్‌కు చెందిన సోనాలికా తన టైగర్ ఎలక్ట్రిక్‌ను విడుదల చేసింది. ఇక ప్రభుత్వ రంగంలో, దుర్గాపూర్‌లోని కేంద్రీయ యాంత్రిక ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ప్రైమా ఈటీ11 ట్రాక్టర్ 2023లో వెలుగులోకి వచ్చింది. దాని తయారీ లైసెన్సు తీసుకున్నది హైదరాబాద్‌కు చెందిన కేఎన్ బయోసైన్స్. ఆ ట్రాక్టర్‌కు బయటి పరికరాలు నడపడానికి ప్రత్యేకంగా ఒక విద్యుత్ ద్వారం ఉంది. ట్రాక్టర్ ఖాళీగా ఉన్నప్పుడు దాని నుంచి పంపు వంటివి నడుపుకోవచ్చు. ఇంగ్లీషులో దీన్ని ‘వెహికిల్ టు లోడ్’ అంటారు. ఈ పాఠంలో ‘బయటి ద్వారం’ అందాం.

మీరు చూస్తున్న ట్రాక్టర్‌కు తయారీదారు పెట్టిన బయటి ద్వారం ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఉంటే ఈ పాఠంలో సగం కష్టాలు మీకు లేవు. డీసీని ఏసీగా మార్చడం, ఫ్యూజులు, బ్యాటరీని కాపాడే ఏర్పాట్లు అన్నీ తయారీదారే లోపల పెట్టి ఉంటాడు. లేకపోతే ఏమవుతుందో ముందుకు చదివితే తెలుస్తుంది.

బ్యాటరీలో ఎంత ఉంది, ఇంటికి ఎంత కావాలి

టైగర్ ఎలక్ట్రిక్ బ్యాటరీ 25.5 కిలోవాట్-గంటలది. ప్రకటనల్లో దీన్ని ‘25.5 కిలోవాట్ బ్యాటరీ’ అని వేస్తుంటారు. కిలోవాట్ వేగానికి సంబంధించినది, కిలోవాట్-గంట నిల్వకు సంబంధించినది. పరీక్షలో విద్యార్థి ఇలా రాస్తే మార్కు తగ్గిస్తాం. ప్రకటన రాసినవారికి ఆ భయం లేదు.

ఒక కిలోవాట్-గంట అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్. కాబట్టి ఆ బ్యాటరీలో ఉన్నవి 25 యూనిట్ల పైచిలుకు. మన ఇళ్లలో సాధారణంగా పెట్టుకునే 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల ఇన్వర్టర్ బ్యాటరీలో 1,800 వాట్-గంటలు, అంటే 1.8 యూనిట్లు ఉంటాయి. అలాంటివి పద్నాలుగు కలిపితే ఒక ట్రాక్టర్ బ్యాటరీ అవుతుంది. పైగా సీసపు బ్యాటరీని ప్రతిసారీ సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తొందరగా తగ్గుతుంది. లిథియం బ్యాటరీలో 80 శాతం దాకా వాడుకోవచ్చు. 25.5లో 80 శాతం అంటే 20.4 యూనిట్లు. ఇదే మన చేతిలో ఉన్న మొత్తం.

ఇప్పుడు ఇంటి వైపు చూద్దాం. 9 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు నాలుగు, ఆరు గంటలు వెలిగితే 216 వాట్-గంటలు. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, పన్నెండు గంటలు తిరిగితే 1,800. ఒక మోస్తరు ఫ్రిజ్ రోజుకు 1,000 తీసుకుంటుందనుకుందాం. ఫోన్ల చార్జింగ్‌కూ వైఫై పెట్టెకూ కలిపి సగటున 15 వాట్ల చొప్పున ఇరవైనాలుగు గంటలకు 360. 60 వాట్ల టీవీ మూడు గంటలు పెడితే 180. మొత్తం 3,556 వాట్-గంటలు.

ఇక్కడితో ఆపి 20.4ను 3.556తో భాగించి ‘అయిదున్నర రోజులు’ అని సంతోషపడేవారు చాలామంది. రెండు నష్టాలు కలపాలి. ఇన్వర్టర్ దక్షత 90 శాతం అనుకుంటే, 3,556 ఇవ్వడానికి అది బ్యాటరీ నుంచి 3,951 తీసుకుంటుంది. రెండోది చాలామంది మరిచిపోయేది. ఇన్వర్టర్ ఏ పరికరాన్నీ నడపకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా కొంత తినేస్తుంది. నమూనాను బట్టి ఇది మారుతుంది. మూడు కిలోవాట్ల ఇన్వర్టర్‌కు 40 వాట్లు అనుకుంటే రోజుకు 960 వాట్-గంటలు. ఒక ఫ్రిజ్‌కు సమానం! రెండూ కలిపితే రోజుకు దాదాపు 4.9 యూనిట్లు. 20.4ను 4.9తో భాగిస్తే నాలుగు రోజులకు కాస్త పైన వస్తుంది.

రాత్రి అందరూ పడుకున్నాక ఒక్క ఫ్యాను కోసం పెద్ద ఇన్వర్టర్‌ను ఆన్‌లో ఉంచడం ఎంత దండగో ఇప్పుడు తెలిసింది కదా. పగలు ఫ్రిజ్‌ను రెండు మూడు విడతలుగా నడిపి, తలుపు తీయకుండా ఉంచి, మిగతా సమయం ఇన్వర్టర్‌ను పూర్తిగా ఆపేస్తే అదే బ్యాటరీ ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది. ఇన్సులిన్ ఉన్న ఇంట్లో ఫ్రిజ్‌కు ఎన్ని గంటలు ఇవ్వాలో ముందే అనుకోవాలి.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్న రోగి ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. 350 వాట్ల యంత్రం ఇరవైనాలుగు గంటలూ నడిస్తే 8.4 యూనిట్లు. నష్టాలతో కలిపి పదికి పైనే. అప్పుడు నాలుగు రోజుల బ్యాటరీ ఆ ఒక్క యంత్రానికే రెండు రోజులకు సరిపోతుంది. టీవీ గురించి మాట్లాడే అవసరమే లేదు. ఇలాంటి ఇంట్లో మొదటి రోజే ఆసుపత్రికి ఫోన్ చేసి సిలిండర్ ఏర్పాటు అడగాలి. బ్యాటరీ ఆ ఏర్పాటు అందేదాకా గడువు ఇస్తుంది, అంతే.

మోటారు విషయం వేరు. ఒక హార్స్‌పవర్ బోరు మోటారు నడుస్తున్నప్పుడు ఆరు ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. అరగంట నడిపి ట్యాంకు నింపితే అరయూనిట్‌కు కాస్త ఎక్కువ అవుతుంది. శక్తి దృష్ట్యా ఇది చిన్న ఖర్చే. కాని మోటారు కదలడం మొదలుపెట్టే ఆ రెండు మూడు క్షణాల్లో కరెంటు అయిదారు రెట్లు పెరుగుతుంది. ముప్ఫై ఆంపియర్లను 230 వోల్టులతో గుణిస్తే 6,900 వోల్ట్-ఆంపియర్లు. మూడు కిలోవాట్ల ఇన్వర్టర్ దీన్ని మోయలేక ఆగిపోతుంది. పొలంలోని అయిదు హార్స్‌పవర్ మూడు ఫేజుల మోటారు సంగతి ఇంటి ఇన్వర్టర్‌తో తేలేది కాదు. దానికి మూడు ఫేజులు ఇచ్చే, వేగాన్ని మెల్లగా పెంచే డ్రైవ్ కావాలి.

డీసీ నుంచి ఏసీకి

బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు, అంటే డీసీ. ఇంట్లోని పరికరాలకు కావలసింది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ. మధ్యలో ఇన్వర్టర్ ఉండాలని అందరికీ తెలుసు. ఏ ఇన్వర్టర్ అన్నదే ప్రశ్న.

ఇళ్లలో వాడే ఇన్వర్టర్లు 12, 24, 48 వోల్టుల బ్యాటరీలకు తయారైనవి. ట్రాక్టర్ బ్యాటరీ అంతకంటే ఎక్కువ వోల్టులది కావచ్చు. ఉదాహరణకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు 24 వరుసగా ఉన్న బ్యాటరీని తీసుకోండి. ఒక్కో సెల్లు సాధారణ వోల్టేజి 3.2 కనుక మొత్తం 76.8 వోల్టులు. పూర్తిగా చార్జి అయినప్పుడు ఒక్కో సెల్లు 3.65కు చేరుతుంది. అప్పుడు మొత్తం 87.6 వోల్టులు. అరవై వోల్టుల దాకా తట్టుకునే 48 వోల్టుల ఇన్వర్టర్‌ను దీనికి కలిపితే లోపలి కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు మొదటి నిమిషంలోనే పోతాయి. ఇన్వర్టర్ కొనేటప్పుడు దాని ఇన్‌పుట్ వోల్టేజి పరిధిలో మీ బ్యాటరీ కనిష్ఠ, గరిష్ఠ వోల్టేజీలు రెండూ ఇమిడి ఉన్నాయో లేదో చూడాలి. సాధారణ వోల్టేజి ఒక్కటి సరిపోతే చాలదు.

కొందరు మెకానిక్కులు ఇంకో ఉపాయం చెబుతారు. ‘పెద్ద బ్యాటరీలో నాలుగు సెల్లుల దగ్గర నుంచి రెండు తీగలు తీస్తే 12 వోల్టులు వస్తాయి, మీ ఇంట్లో ఉన్న ఇన్వర్టరే పనికొస్తుంది’ అంటారు. వినడానికి తెలివిగా ఉంటుంది. కాని ఆ నాలుగు సెల్లులు మాత్రమే ఖాళీ అవుతాయి, మిగతావి నిండుగా ఉంటాయి. మళ్లీ చార్జింగ్ పెట్టినప్పుడు నిండుగా ఉన్నవి ముందే గరిష్ఠానికి చేరుతాయి, ఆ నాలుగూ వెనకబడి ఉంటాయి. ఆ తరువాత ట్రాక్టర్ నడిపినప్పుడు ఆ నాలుగే ముందు అడుగంటుతాయి. పాతకాలపు 36 వోల్టుల సీసపు బ్యాటరీ బండ్లలో కూడా ఇలా మధ్యలోంచి తీసేవారి బ్యాటరీలు త్వరగా చెడిపోయేవి. లిథియంలో నష్టం ఇంకా ఎక్కువ.

తక్కువ వోల్టేజి వల్ల ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2,000 వాట్లు కావాలంటే 72 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 31 ఆంపియర్లు తీసుకోవాలి. అదే 12 వోల్టుల నుంచయితే 185 ఆంపియర్లు. అంత కరెంటుకు వేలి లావు తీగ కావాలి. బిగింపు కాస్త వదులైనా అక్కడ వేడెక్కి కాలుతుంది.

ఇప్పుడు బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ గురించి. దీన్ని బీఎంఎస్ అంటారు. ప్రతి సెల్లు వోల్టేజినీ, బ్యాటరీ ఉష్ణోగ్రతనూ కనిపెడుతూ, హద్దు దాటితే లోపలి కాంటాక్టరును తెరిచి సరఫరా ఆపేసే కాపలాదారు ఇది. చాలా విద్యుత్ వాహనాల్లో తాళంచెవి తిప్పి, నియంత్రణ పెట్టె అనుమతించేదాకా బయటి కొనల దగ్గర వోల్టేజే కనిపించదు. అందుకని కొందరు బీఎంఎస్‌ను దాటి సెల్లుల నుంచే నేరుగా తీగలు లాగుతారు. కాపలాదారును బయటికి పంపి ఇంటికి తాళం వేయకుండా పడుకోవడం లాంటిది ఇది. చివరి సెల్లు అడుగంటినా ఆపేవారు ఉండరు. తయారీదారు ఇచ్చిన వారంటీ కూడా అక్కడితో పోతుంది. బయటి ద్వారం లేని ట్రాక్టర్‌తో ఈ పని చేయాలంటే తయారీదారు సేవాకేంద్రం ద్వారానే చేయించాలని నా అభిప్రాయం. వారు కాదంటే, ఆ ట్రాక్టర్ ఆ పనికి పుట్టలేదనుకుని వదిలేయాలి.

ఇంట్లో వాడే సాధారణ ఇన్వర్టర్‌లో చార్జర్ కూడా ఉంటుందని మరవకండి. దానికి ఏసీ సరఫరా అందుతూ ఉంటే, లైను కరెంటు వచ్చిన వెంటనే అది బ్యాటరీని చార్జి చేయడం మొదలుపెడుతుంది. సీసపు బ్యాటరీకి తగ్గట్టు అమర్చిన ఆ చార్జర్ లిథియం బ్యాటరీలోకి తన లెక్క ప్రకారం కరెంటు తోస్తుంది. చార్జర్ లేని ఇన్వర్టర్ తీసుకోవడం, లేదా దానికి లైను నుంచి ఏసీ అందకుండా చేయడం ఒక్కటే మార్గం.

డీసీ వైపు ఫ్యూజు, స్విచ్చు రెండూ డీసీకి తయారైనవే అయి ఉండాలి. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కనుక స్విచ్చు తెరిచినప్పుడు పుట్టే మెరుపు తనంతట తాను ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. ఇంటి బోర్డులోని ఏసీ ఎంసీబీని డీసీ తీగ మీద పెడితే, అది తెరుచుకున్నా లోపల మెరుపు కొనసాగి పెట్టె కరిగిపోవచ్చు.

వెనక్కి ప్రవహించే కరెంటు

ఈ భాగాన్ని మాత్రం రెండుసార్లు చదవండి.

కరెంటు పోయినప్పుడు జనరేటర్ గానీ ఇన్వర్టర్ గానీ తెచ్చి, రెండువైపులా ప్లగ్గు ఉన్న తీగతో గోడ సాకెట్‌లోకి గుచ్చేవారిని మీరు చూసే ఉంటారు. ఇంట్లో దీపాలు వెలుగుతాయి. ఆ కరెంటు మీ గోడ దగ్గరే ఆగదు. మెయిన్ స్విచ్ వేసే ఉంటే మీటరు దాటి, సర్వీసు తీగ దాటి, వీధి స్తంభం ఎక్కుతుంది. అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది.

మన వీధుల్లో కనిపించే పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను 433 వోల్టులకు దించుతుంది. ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య చూస్తే 250 వోల్టులు. చుట్ల నిష్పత్తి 44. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏది ముందువైపో ఏది వెనకవైపో తెలియదు. ఇటునుంచి 230 వోల్టులు ఇస్తే అటువైపు 230ని 44తో గుణించినంత, అంటే 10,000 వోల్టుల పైన తయారుచేస్తుంది. సబ్‌స్టేషన్‌లో స్విచ్చు ఆపించి, లైన్ చచ్చిపోయిందని నమ్మి స్తంభం ఎక్కిన మనిషి చేతిలో ఆ తీగ ఉంటుంది.

ఆలోచించే విద్యార్థి ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు. వీధిలో మరో యాభై ఇళ్లు అదే లైను మీద ఉన్నాయి కదా, వాటి బరువంతా పడితే మూడు కిలోవాట్ల ఇన్వర్టర్ వెంటనే ఆగిపోదా? నిజమే, చాలాసార్లు అలాగే ఆగిపోతుంది. కాని తీగ మీ ఇంటికి, ట్రాన్స్‌ఫార్మర్‌కు మధ్య తప్ప మిగతా చోట్ల తెగి ఉంటే? పక్కింటివాళ్లందరూ మెయిన్ ఆపేసి ఉంటే? తుఫాను తరువాత ఇవి అరుదైన పరిస్థితులు కావు. పైగా ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లనవసరం లేదు. తెగి రోడ్డు మీద పడిన సర్వీసు తీగలో 230 వోల్టులు చాలు.

దీనికి పరిష్కారం చవకైనది, పాతది. పేరు చేంజోవర్ స్విచ్. దాని పిడి ఒకవైపు ఉంటే ఇల్లు లైనుతో కలుస్తుంది, మరోవైపు ఉంటే ఇన్వర్టర్‌తో కలుస్తుంది, మధ్యలో ఉంటే దేనితోనూ కలవదు. రెండింటితో ఒకేసారి కలవడం దాని నిర్మాణంలోనే అసాధ్యం. ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ మార్చే రకం తీసుకోవాలి. ‘కరెంటు పోగానే మెయిన్ ఆపడం నాకు గుర్తుంటుంది’ అనేవారి మాట మీద ఆధారపడకూడదు. నాలుగో రాత్రి, నిద్రలేక, చీకట్లో, వానలో ఎవరికి ఏది గుర్తుంటుంది?

ఇంటి పైకప్పు మీద సౌర ఫలకాలు ఉన్నవారు, లైను కరెంటు పోగానే అవి కూడా ఆగిపోతున్నాయని విసుక్కుంటారు. లైనుతో కలిసి పనిచేసే సౌర ఇన్వర్టర్ అలా ఆగిపోవడం ఈ లైన్‌మన్ కోసమే.

భూసంధానం విషయంలో ఒక మాట. ట్రాక్టర్ రబ్బరు చక్రాల మీద నిలబడి ఉంటుంది. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌లో రెండు తీగల్లో ఏదీ భూమికి కలిసి ఉండకపోతే, ఇంటి బోర్డులోని ఆర్‌సీసీబీ అనే లీకేజి స్విచ్చు పనిచేయదు. షాక్ కొట్టినప్పుడు కరెంటు తిరిగి మూలానికి చేరే దారి ఉంటేనే అది తేడాను పసిగట్టగలదు. న్యూట్రల్‌ను ఎక్కడ భూమికి కలపాలి, అసలు కలపాలా అన్నది ఆ ఇన్వర్టర్ నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ దాని పుస్తకం చూసి తేల్చాలి. చేంజోవర్ అంతగా కుదరని ఇంట్లో ఒక మధ్యేమార్గం ఉంది. ఇంటి వైరింగ్‌ను అసలు ముట్టుకోకుండా, బయటి ద్వారం నుంచి ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లోపలికి తెచ్చి, ఫ్రిజ్, ఒక టేబుల్ ఫ్యాన్, ఒక దీపం నేరుగా దానికే పెట్టుకోవడం. చూడటానికి అందంగా ఉండదు. వెనక్కి ప్రవహించే ప్రశ్నే రాదు.

ట్రాక్టర్‌ను ఎక్కడ నిలపాలి

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో పాస్‌పోర్ట్ కార్యాలయానికి దగ్గరలో ఒక భవనంలో మంటలు లేచాయి. కింద విద్యుత్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. మంట కింద మొదలై, పొగ మెట్లదారి గుండా పై అంతస్తులకు ఎక్కింది. ఎనిమిది మంది చనిపోయారు. రాంగోపాల్‌పేట్ చుట్టుపక్కల వీధుల్లో కింద గోదాము, పైన నివాసం ఉన్న భవనాలు ఇంకా ఎన్నో ఉన్నాయి.

లిథియం బ్యాటరీలన్నీ ఒకలా మండవు. ఐరన్ ఫాస్ఫేట్ రకం, నికెల్ కలిసిన రకాలకంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. కాని ఏ రకమైనా అదుపు తప్పితే వచ్చే పొగ విషమే. కాబట్టి ఇంటికి విద్యుత్తు ఇస్తున్న ట్రాక్టర్‌ను మెట్లదారి కింద, పడకగది గోడకు ఆనించి, సెల్లార్‌లో పెట్టకూడదు. ఇంటికి కొంత దూరంలో, గాలి ఆడే పాకలో, బయటికి పరిగెత్తే దారికి అడ్డం లేకుండా నిలపాలి. పొడవాటి తీగ కొనడానికి అయ్యే ఖర్చు ఇక్కడ దండగ కాదు.

వరదలో అయితే? కొన్ని ట్రాక్టర్ బ్యాటరీల మీద ఐపీ67 అని ఉంటుంది. దుమ్ము లోపలికి పోదని, ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచి పరీక్షించారని దాని అర్థం. అది బ్యాటరీ పెట్టెకు మాత్రమే వర్తిస్తుంది. మీరు కలిపిన ఇన్వర్టర్‌కు, ప్లగ్గుకు, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు వర్తించదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో నీళ్లు నిలిచింది అరగంట కాదు, రోజుల తరబడి. నీళ్లు వాకిట్లోకి వస్తున్నాయంటే తీగలు విప్పి ట్రాక్టర్‌ను మెరక మీదికి తోలడమే పని.

రేపటి పని

ట్రాక్టర్ ముందు ట్రాక్టర్, ఆ తరువాతే ఇన్వర్టర్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన తరువాత చాలాచోట్ల కరెంటు రావడానికి రోజులు పట్టింది. అలాంటి వేళ రోడ్డు మీద పడిన చెట్టును లాగాలన్నా, తాగునీటి డ్రమ్ములు తేవాలన్నా, కాన్పు నొప్పులు వస్తున్న మనిషిని మండల కేంద్రానికి చేర్చాలన్నా ఊరికి దిక్కు ట్రాక్టరే. డీజిల్ ట్రాక్టర్‌కు డబ్బాతో నూనె తెచ్చి పోయవచ్చు. ఊరంతా కరెంటు లేనప్పుడు విద్యుత్ ట్రాక్టర్‌ను నింపే మార్గం లేదు. అందుచేత 20.4 యూనిట్లలో సగం బండి కోసం అట్టేపెట్టి, మిగిలిన సగంతోనే ఇంటి లెక్క వేసుకోవాలని నేను సూచిస్తాను. మన ఉదాహరణలోని ఇంటికి అది రెండు రోజులు.

ఖర్చు సంగతి క్లుప్తంగా. ప్రైమా ఈటీ11 బ్యాటరీ ఆయుష్షు 3,000 ఆవృత్తుల పైన అని దాన్ని రూపొందించిన సంస్థ చెప్పింది. ఆవృత్తి అంటే ఒకసారి నింపి ఖాళీ చేయడం. ఒక బ్యాటరీ నాలుగు లక్షల రూపాయలనీ, ఆవృత్తికి 20 యూనిట్లు ఇస్తుందనీ ఊహించుకుంటే, జీవితకాలంలో 60,000 యూనిట్లు. యూనిట్‌కు బ్యాటరీ అరుగుదలే ఆరున్నర రూపాయల పైన, నింపిన కరెంటు ధర దానికి అదనం. రోజూ కోతలప్పుడు వాడుకోవడానికి ఇది గిట్టుబాటు కాదు, దానికి చిన్న ఇన్వర్టరే నయం. అత్యవసరానికి మాత్రం లెక్క వేరు. చిన్న డీజిల్ జనరేటర్ లీటరుకు మూడు యూనిట్లు ఇస్తే, లీటరు 95 రూపాయల చొప్పున యూనిట్ ముప్ఫై రూపాయలు దాటుతుంది. దానికి తోడు మోత, పొగ. జనరేటర్‌ను మూసిన గదిలో పెట్టి ఆ పొగకు ప్రాణాలు పోగొట్టుకున్న కుటుంబాల వార్తలు మీరూ చదివే ఉంటారు. ఇంకో సంగతి, పొలం మోటారుకిచ్చే ఉచిత విద్యుత్తు పంపుసెట్టు కోసమే. ట్రాక్టర్‌ను ఇంటి మీటరు మీదే నింపండి. పదిగంటల్లో 25.5 యూనిట్లు నిండాలంటే పదకొండు ఆంపియర్లకు పైగా కరెంటు ఏకధాటిగా పారుతుంది కనుక, దానికి ప్రత్యేకంగా లావు తీగ వేసిన 16 ఆంపియర్ల సాకెట్ కావాలి.

అభ్యాసం

మీ ఇంట్లోని పరికరాల మీద రాసి ఉన్న వాట్లు చూసి, కరెంటు లేని ఒక రోజుకు తప్పనిసరిగా కావలసినవి మాత్రమే వేరు చేయండి. వాటికి రోజుకు ఎన్ని వాట్-గంటలో లెక్కించి, 90 శాతం దక్షతతో భాగించి, ఇన్వర్టర్ సొంత ఖర్చు కలపండి. 10.2 యూనిట్లలో అది ఎన్ని రోజులు వస్తుంది? ఇన్వర్టర్‌ను రోజుకు పది గంటలు మాత్రమే ఆన్‌లో ఉంచితే జవాబు ఎంత మారుతుంది? తరువాత మీ మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి, దేన్నీ ముట్టుకోకుండా చూసి, మీటరు నుంచి మెయిన్ స్విచ్ దాకా తీగల దారిని కాగితం మీద గీయండి. చేంజోవర్ స్విచ్ ఎక్కడ రావాలో దానిమీద గుర్తు పెట్టి, సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి.